కనీస వేతనం పెరిగిన ప్రతిసారీ దివ్యాంగుల హోమ్ బడ్జెట్‌కి గండి: విశాఖలో ఎలా పూడ్చాలి?

మధురవాడ_హోమ్ (ప్రశ్న):

మధురవాడ దగ్గర ఓ ట్రస్టు నడిపే రెసిడెన్షియల్ హోమ్ లెక్కలు ఇవి. 18 ఏళ్లు దాటిన మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు 16 మంది ఉంటారు. ఐదుగురిని లేపాలన్నా, బాత్రూమ్‌కి తీసుకెళ్లాలన్నా ఇద్దరు పట్టాలి. ఆరుగురు కేర్‌గివర్లు. 12 గంటల డ్యూటీ, పగలు ముగ్గురు, రాత్రి ఇద్దరు, వారానికి ఒక సెలవు. లెక్క సులువుగా ఉండటానికి జీతం నెలకు 13,000 అనుకోండి. వంటమనిషి, వ్యాన్ డ్రైవర్, వాచ్‌మన్, స్పెషల్ ఎడ్యుకేటర్ వేరే.

ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి వీడీఏ (కనీస వేతనంలో ధరలని బట్టి మారే కరువు భత్యం) పెరుగుతుంది. గ్రాంటు మాత్రం పెరగదు, పైగా ఎప్పుడొస్తుందో తెలీదు. తల్లిదండ్రుల్లో సగం మంది రిటైరైనవాళ్లు, ఫీజు పెంచాలంటే నోరు రావట్లేదు. కమిటీలో మూడు సలహాలు నడుస్తున్నాయి. కేర్‌గివర్లని ఏజెన్సీ ద్వారా పెట్టుకోవడం ఒకటి. జీతం అనకుండా గౌరవ వేతనం అని రాయడం రెండోది. రాత్రి ఒకరితో సరిపెట్టుకోవడం మూడోది. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది కొంప ముంచుతుంది? ఒక కేర్‌గివర్‌కి అసలు ఖర్చు ఎంత వేసుకోవాలి?

గాజువాక_లెడ్జర్:

ముందు అసలు ఖర్చు చూద్దాం. చాలా హోమ్‌ల బడ్జెట్‌లో కేర్‌గివర్ అంటే 13,000 ఇంటూ 12 అని వేసేస్తారు. లోటు అక్కడే మొదలవుతుంది.

13,000 మీద యజమాని ఈపీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,560. ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగి జీవిత బీమా) అర శాతం 65, అడ్మిన్ చార్జీలు అర శాతం మరో 65. ఈఎస్ఐ 3.25 శాతం, 423. గ్రాట్యుటీకి ఇప్పట్నుంచే పక్కన పెట్టాల్సింది 4.81 శాతం, 625. ఈ శాతం ఎక్కడిదంటే ఏడాదికి 15 రోజుల జీతం, నెలకి 26 రోజుల లెక్కన. మొత్తం 15,738.

బోనస్ గురించి కూడా అడుగుతారు. లాభాపేక్ష లేని సంక్షేమ సంస్థలకు చట్టప్రకారం బోనస్ తప్పనిసరి కాదు. సంక్రాంతికో దసరాకో ఏదైనా ఇస్తే అది మీ ఇష్టం, కానీ బడ్జెట్‌లో ఆ లైను ఉండాలి.

ఇంకా అయిపోలేదు. 365 రోజుల్లో వారాంతపు సెలవులు 52 తీస్తే 313. పండగలు, క్యాజువల్, జ్వరాలు కలిపి ఇంకో 25 తీయండి, 288. ఏడాది ఖర్చు 1,88,856 రూపాయలు. మనిషి పనిలో నిలబడేది 288 రోజులు, ఎనిమిదేసి గంటలు, అంటే 2,304 గంటలు. గంటకి 82 రూపాయలు పడుతుంది. జీతాన్నే 208 గంటలతో భాగిస్తే 62.50 వస్తుంది. మీ కమిటీ చూస్తున్నది ఆ 62.50ని. గంటకి దాదాపు 20 రూపాయలు ఎవరి పద్దులోకీ ఎక్కకుండా ఏడాది చివర లోటుగా తేలుతుంది.

ఇదే నిష్పత్తిలో చూస్తే కనీస వేతనం వెయ్యి పెరిగినప్పుడు సంస్థ మీద పడేది వెయ్యి కాదు. పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ, సెలవు రోజుల బదిలీ మనిషి ఖర్చూ కలిపితే 1,300 పడుతుంది. జీతం 15,000 దాటాక మాత్రం పీఎఫ్‌ని 15,000 మీదే కట్టుకునే వీలుంది కాబట్టి పెరుగుదల బరువు కాస్త తగ్గుతుంది. ఆ గీత దాటితే ఉద్యోగి చేతిలోంచి వృత్తి పన్ను 150 పోతుందని కూడా గుర్తుంచుకోండి. ఈఎస్ఐ 21,000 దాకా ఉంటుంది.

ఇక మీ 12 గంటల డ్యూటీ. ఇదే మీ లెక్కలో పెద్ద చిల్లు. 12 గంటలు ఇంటూ ఆరు రోజులు, వారానికి 72 గంటలు. 48 దాటిన 24 గంటలకీ రెట్టింపు ఇవ్వాలి, అంటే 48 గంటల జీతంతో సమానం. చట్టప్రకారం మీరు ఒక్కొక్కరికీ ఇవ్వాల్సింది 13,000 కాదు, 26,000. ఆరుగురికి 1,56,000. దానిమీద పీఎఫ్ (ఓవర్‌టైమ్ మీద పీఎఫ్ పడదు) 10,140, ఈఎస్ఐ (పాత ఈఎస్ఐ చట్టం లెక్కన ఓవర్‌టైమ్ మీద కూడా) 5,070, గ్రాట్యుటీ 3,750. మొత్తం దాదాపు 1,75,000. ఇందులో సెలవుల బదిలీ ఇంకా వేయలేదు.

అదే మూడు షిఫ్టులు చేయండి. ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ముగ్గురు, రాత్రి ఇద్దరు. రోజుకి ఎనిమిది షిఫ్టులు, ఏడాదికి 2,920. మనిషికి 288 చొప్పున భాగిస్తే పదిమంది, పైన ఓ 40 షిఫ్టులకి రిలీవర్. పదిమందికి 1,57,380. తక్కువ ఖర్చు, పైగా సాయంత్రం స్నానాలు, భోజనాల వేళకి మనుషులు అలిసిపోయి ఉండరు.

మీరిప్పుడు ఆరుగురితో, 78,000 జీతాలతో నెట్టుకొస్తున్నారు కాబట్టి ఇది రెట్టింపులా కనిపిస్తుంది. నిజానికి ఆ తేడా ఇవ్వకుండా మిగిలిపోయిన ఓవర్‌టైమ్. తలకి చూస్తే కేర్‌గివర్ల ఖర్చే ఒక్కో నివాసికి నెలకి 9,840 దాకా. తిండి, అద్దె, మందులు, థెరపీ దీనికి అదనం. ముందు ఈ అంకె కమిటీ గోడ మీద రాసి పెట్టండి, ఆ తర్వాతే డబ్బు ఎక్కడినుంచి తేవాలో మాట్లాడుకోవచ్చు.

రిజిస్టర్_సరిచూడు:

లెడ్జర్ గారు జీతాల వైపు చెప్పారు. చట్టం వైపు నేను చెప్తాను. మీ కమిటీ మూడు సలహాల్లో రెండు నేరుగా కేసు వైపే తీసుకెళ్తాయి.

గౌరవ వేతనం అని పేరు మారిస్తే బాధ్యత మారదు. డ్యూటీ చార్టు ఉంది, హాజరు పట్టీ ఉంది, చెప్పిన టైముకి రావాలి, రాకపోతే కోత. ఇవన్నీ ఉన్నచోట అది ఉద్యోగమే. సంస్థకి స్తోమత లేదన్న వాదన కూడా నిలవదు. కనీస వేతనం ఇవ్వలేని సంస్థకి నడిచే హక్కే లేదన్న అర్థంలో సుప్రీంకోర్టు 1961లో ఉన్నిచోయి కేసులో తేల్చేసింది. 1982 ఏషియాడ్ కార్మికుల కేసులో ఇంకా ముందుకెళ్లి, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ కింద వెట్టిచాకిరీయే అంది.

2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీకు సంబంధించి మూడు మార్పులున్నాయి. వేతనాల కోడ్‌లో షెడ్యూల్డ్ పరిశ్రమల జాబితా అన్న గొడవ పోయింది, కనీస వేతనం ఉద్యోగులందరికీ. 'మా హోమ్ ఆ జాబితాలో లేదు' అనే పాత తప్పించుకోలు ఇక చెల్లదు. కొత్త రేట్లు ప్రకటించేదాకా పాత ఉత్తర్వుల రేట్లు నడుస్తాయి. రెండోది, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినదంతా వేతనం కిందికే వస్తుంది. కాబట్టి బేసిక్ ఆరువేలు, మిగతాదంతా హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ అని చీల్చి పీఎఫ్ తగ్గించే పని మానేయండి. మూడోది, బకాయిల క్లెయిమ్‌కి గడువు మూడేళ్లు. తేలిన మొత్తానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉంది. జీతం సరిగ్గా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. మీ ఓవర్‌టైమ్ బకాయి నెలకి ఆరు పదమూళ్లు 78,000. మూడేళ్లకి 28 లక్షలు దాటుతుంది. ఇది భయపెట్టడానికి కాదు, కమిటీలో ఆడిటర్ ఉంటే ఆయన ముందు ఈ అంకె పెట్టండి చాలు.

ఒక మెలిక ఉంది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 'పరిశ్రమ' నిర్వచనం నుంచి దాతృత్వ సంస్థల్ని మినహాయించారు. వాట్సాప్‌లో ఇది 'ట్రస్టులకి లేబర్ చట్టాలు లేవు' అని తిరుగుతోంది. ఆ మినహాయింపు ఆ ఒక్క కోడ్‌కే. వేతనాలకీ, పీఎఫ్‌కీ, ఈఎస్ఐకీ దాంతో సంబంధం లేదు.

ఏజెన్సీ విషయం లెక్కతోనే చూడండి. 13,000కి పీఎఫ్, ఈఎస్ఐ కలిపితే 15,113. సర్వీస్ చార్జీ ఎనిమిది శాతం అనుకుంటే 16,322. దాని మొత్తం మీద జీఎస్టీ 18 శాతం, 19,260. మీరు నేరుగా పెట్టుకుంటే గ్రాట్యుటీతో సహా 15,738. మనిషికి నెలకి 3,500 పైన తేడా, పదిమందికి 35,000. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ల సంరక్షణని 12ఏబీ రిజిస్ట్రేషన్ (ఆదాయపన్ను చట్టం 1961 కింద దాతృత్వ సంస్థగా నమోదు) ఉన్న సంస్థ చేస్తే ఆ సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది. మినహాయింపు ఉన్నందువల్లే కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. కంపెనీలకి ఏజెన్సీ కిట్టుబాటు కావచ్చు, మీకు కాదు.

'మా ఏజెన్సీ వాడు జీఎస్టీ వేయడు' అంటారు. 20 లక్షల టర్నోవర్ లోపు చిన్న ఏజెన్సీ అయితే వేయడు, నిజమే. అలాంటివాళ్లలో చాలామంది పీఎఫ్, ఈఎస్ఐ కూడా కట్టరు. అప్పుడు ప్రధాన యజమానిగా ఆ బాకీ మీ మెడకే. పైగా పీఎఫ్ తప్పనిసరయ్యే ఇరవై మంది లెక్కలోకి ఏజెన్సీ మనుషులూ వస్తారు. ఒకే ప్రాంగణంలో రెండు ట్రస్టులు పెట్టి పదేసి మందిని చూపించడం కూడా పనికిరాదు. యాజమాన్యం, డబ్బు, పని ఒకటే అయితే ఒకే సంస్థగా కలిపేస్తారు. ఒకసారి చట్టం కిందికి వచ్చాక సంఖ్య తగ్గినా బయటికి రాలేరు.

చివరగా, మీ కేర్‌గివర్‌ని ఏ కేటగిరీలో వేయాలన్నది మీరే ఊహించుకోకండి. ఇల్లు తుడిచే మనిషికీ, ట్యూబ్ ద్వారా ఆహారం పెట్టి, ఫిట్స్ వస్తే మందిచ్చే మనిషికీ ఒకే రేటు కాదు. మీ ఉద్యోగుల పనుల జాబితా రాసి కార్మిక శాఖ కార్యాలయానికి లేఖ ఇచ్చి, ఏ కేటగిరీ, ఏ జోన్ అని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. కార్పొరేషన్ లోపలి హోమ్‌కీ బయటి మండలంలో ఉన్నదానికీ జోన్ మారవచ్చు. తనిఖీ రోజున ఆ లేఖ విలువ తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ రేట్ల పట్టిక చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు. అది పోర్టు, స్టీల్‌ప్లాంట్ లాంటి కేంద్ర పరిధి పనులకి. మీకు రాష్ట్ర ఉత్తర్వే.

ఫైల్_కదిలిందా:

గ్రాంట్ల సంగతి నేను రాస్తాను. ఆశ పెట్టుకోవాల్సిన చోటు, పెట్టుకోకూడని చోటు వేరువేరు.

డీడీఆర్ఎస్, అంటే దీన్‌దయాళ్ దివ్యాంగజన పునరావాస పథకం, ప్రాజెక్టు ఖర్చులో గరిష్ఠంగా 90 శాతం దాకా ఇస్తుంది. 2018లో సవరించిన నిబంధనల ప్రకారం పోస్టుకి ఇంత గౌరవ వేతనం అని పథకమే అంకె కట్టేసింది. మన రాష్ట్ర వీడీఏ ఎంత పెరిగినా ఆ అంకె కదలదు. దాన్ని జీతంగా అనుకోవద్దు, జీతానికి వచ్చే సాయం అనుకోండి. ఉద్యోగికి పూర్తి కనీస వేతనం ఒకే బ్యాంకు బదిలీలో ఇచ్చి, పద్దుల్లో పథకం అనుమతించినంత గ్రాంటుకి, మిగిలింది సంస్థ సొంత వాటాకి రాయాలి. ఎలాగూ పది శాతం మీరే చూపించాలి కదా, ఈ తేడాయే ఆ వాటా అవుతుంది. కొందరు గ్రాంటు భాగం బ్యాంకులో, మిగతాది నగదులో ఇస్తారు. ఆడిట్‌లో రెండు జీతాలు తేలి, అసలు నిజంగా ఇచ్చిన డబ్బు కూడా ఒప్పుకోరు.

ముందు కావాల్సినవి వికలాంగుల హక్కుల చట్టం 2016 కింద సంస్థ రిజిస్ట్రేషన్, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల పోర్టల్) నంబరు, పీఎఫ్ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ) నమోదైన బ్యాంకు ఖాతా. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో. ఫైలు ఆగే చోట్లు చాలా మామూలువి. రిజిస్ట్రేషన్ గడువు దాటి ఉండటం, ట్రస్టు డీడ్‌లో పేరుకీ పాన్‌లో పేరుకీ ఒక అక్షరం తేడా, స్పెషల్ ఎడ్యుకేటర్ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నంబరు పునరుద్ధరణ చేయకపోవడం, లబ్ధిదారుల జాబితాలో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేనివాళ్లు, పాత గ్రాంటు వినియోగ పత్రం జీఎఫ్‌ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాలు) 12-ఏ నమూనాలో కాకుండా తోచినట్టు రాయడం. గ్రాంటు ఖాతాలో పడిన వడ్డీ కూడా ప్రభుత్వానికి వెనక్కి కట్టాలి, అది మరిచి ఆగినవీ ఉన్నాయి.

మామూలుగా ముందు ఖర్చు పెడితే తర్వాత డబ్బు వస్తుంది. కనీసం ఆరు నెలల జీతాల నిల్వ లేకుండా డీడీఆర్ఎస్ మీద ఆధారపడి కొత్త పోస్టు పెట్టొద్దు. మీ లెక్కన పదిమందికి ఆరు నెలలంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షలు.

నేషనల్ ట్రస్టు (ఇలాంటి వైకల్యాల కోసం ఉన్న కేంద్ర సంస్థ) వైపు చూస్తే మీలాంటి పెద్దవాళ్ల హోమ్‌కి సమర్థ్-కం-ఘరౌందా పథకం దగ్గరగా ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే. సంస్థ అక్కడ కూడా విడిగా నమోదవ్వాలి. ప్రతి నివాసికీ నిరామయ బీమా తీయించండి. లక్ష దాకా కవర్, థెరపీకి, ఓపీకి కూడా పద్దులున్నాయి. బిల్లులు పెట్టి తిరిగి రాబట్టుకునే పద్ధతి కాబట్టి నెలనెలా ఒకరు కూర్చుని బిల్లులు పంపాలి. ఏడాది చివర ఒకేసారి పంపుదామని అట్టపెట్టెలో వేస్తే సగం గడువు దాటిపోతాయి. ఈ డబ్బు జీతాలకి రాదు, కానీ థెరపీ మీద మీరు పెడుతున్నది మిగిలి జీతాలకి మళ్లుతుంది.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు): విశాఖలో అందరూ ముందు స్టీల్‌ప్లాంట్ వైపు చూస్తారు. సీఎస్ఆర్ అంటే గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం, ఆ సగటు నష్టంగా తేలే కంపెనీ ఖర్చు పెట్టాల్సిందేమీ ఉండదు. రిఫైనరీ, పరవాడ ఫార్మా కంపెనీలు, ఎరువుల కంపెనీలు, సింహాద్రి థర్మల్ లాంటివాటి బ్యాలెన్స్ షీట్ చూసి వెళ్లండి. మీకు సీఎస్ఆర్-1 నమోదు (సీఎస్ఆర్ పనులు చేపట్టే సంస్థల నమోదు) ఉండాలి. 'జీతాలకి మేం ఇవ్వం, పరిపాలనా ఖర్చు ఐదు శాతమే' అనే మాట ప్రతి సీఎస్ఆర్ ఆఫీసులోనూ వినిపిస్తుంది. అది పొరపాటు. ఆ ఐదు శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే సాధారణ ఖర్చుకి. ప్రాజెక్టు అమలులో నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు, 2021లో కార్పొరేట్ వ్యవహారాల శాఖ దీన్ని స్పష్టం చేసింది. కేర్‌గివర్ జీతం ప్రాజెక్టు ఖర్చే. మర్యాదగా ఆ మాట మీ ప్రతిపాదనలోనే రాయండి.

ప్రతిపాదనలో 'ఆరు జీతాలు' అని అడక్కండి. 'ఏడాదికి 23,000 గంటల సంరక్షణ, గంటకి 82 రూపాయలు' అని రాయండి. కొనసాగే ప్రాజెక్టుగా ఒప్పుకుంటే మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు. ఒప్పందంలో 'కనీస వేతన ఉత్తర్వు మారినప్పుడు యూనిట్ ఖర్చు అదే నిష్పత్తిలో మారును' అన్న వాక్యం తప్పనిసరి. ఆ వాక్యం లేని మూడేళ్ల ఒప్పందం మూడో ఏట మీ లోటే.

అది ఒప్పుకోకపోతే వస్తువులు అడగండి, కానీ గంటలు మిగిల్చేవి అడగండి. రాత్రి తడిసిన పక్కబట్టలు చేత్తో ఉతకడానికి రోజుకి నాలుగు గంటలు పోతుంటే, నెలకి దాదాపు 9,800 ఉతుకుడికే కడుతున్నట్టు. పెద్ద వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ వచ్చాయంటే ఆ గంటలు మనుషుల దగ్గరికి మళ్లుతాయి. మంచం ఎత్తు మార్చేవి, కమోడ్ చైర్లు కూడా అంతే. వీల్‌చైర్లు ఏడిప్ పథకంలో (దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం) ఉచితంగా వచ్చే వీలుండగా దాత డబ్బుతో కొనకండి. రంగులు వేయించి బోర్డు పెడతామనే దాత వస్తే, మీ ఇష్టం.

వాల్తేరు_పేరెంట్:

తల్లిదండ్రుల సంఘం వైపు నుంచి ఫీజు, పెన్షన్ గురించి. ఈ రెండూ కలిపి మాట్లాడకపోతే గొడవే.

ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగుల పెన్షన్ 6,000. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన కేటగిరీకి 15,000. మీ 16 మందిలో ఆ ఐదుగురి పత్రాలు తీసి చూడండి. 15,000కి అర్హత ఉండి 6,000 తీసుకుంటున్నవాళ్లు చాలా హోమ్‌లలో ఉంటారు, ఎందుకంటే చిన్నప్పటి సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో ఉన్న శాతమే నడుస్తోంది. మళ్లీ సదరం స్లాట్ పెట్టుకుని పరీక్ష చేయించుకోవాలి. 2025లో పాత సర్టిఫికెట్లని తిరిగి పరిశీలించారు కాబట్టి పాత కాగితాలు, డిశ్చార్జి సమ్మరీలు, ఫిట్స్ మందుల చీటీలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. పెన్షన్ శ్రీకాకుళంలోనో అరకులోనో ఉండి మనిషి ఇక్కడుంటే, సచివాలయంలో ట్రాన్స్‌ఫర్ పెట్టించండి.

అందరికీ అర్హత ఉండి, ముగ్గురికి 15,000, పదమూడు మందికి 6,000 వచ్చినా మొత్తం 1,23,000. లెడ్జర్ గారు చెప్పిన కేర్‌గివర్ల ఖర్చుకే సరిపోదు. ఇంకో సంగతి, అది సంస్థ డబ్బు కాదు, ఆ మనిషి డబ్బు. 18 దాటినవాళ్లకి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ద్వారా గార్డియన్ ఉండాలి. గార్డియన్ ఏటా లెక్క చూపాలి. పెన్షన్‌లోంచి ఫీజు తీసుకుంటే గార్డియన్ సంతకంతో ఒప్పందం, ప్రతి నివాసికీ విడి లెడ్జర్ పేజీ, నెలకి కనీసం కొంత వాళ్ల సొంత ఖర్చుకి. అన్నీ కలిపి ఒక సంచిలో వేస్తే రేపు ఏ అన్నయ్యో వచ్చి లెక్క అడుగుతాడు, అప్పుడు చెప్పలేరు.

ఫీజు ఒకేసారి రెండు వేలు పెంచారంటే సమావేశం సాగదు. ఆదాయం బట్టి మూడు మెట్లు పెట్టండి. పై మెట్టులో ఉన్నవాళ్లు పూర్తి ఖర్చు కడతారు, వాళ్లకి రాయితీ ఇవ్వనక్కర్లేదు. పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకి 80డీడీ (ఆదాయపన్ను చట్టం 1961లోని సెక్షన్) కింద 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. హోమ్ ఇచ్చే రసీదులు ఎలా ఉండాలో వాళ్ల ఆడిటర్ని అడిగి ఇస్తే వాళ్లకి ఫీజు బరువు కొంత దిగుతుంది.

రాత్రి_రోస్టర్:

రాత్రి ఒకరితో సరిపెట్టే సలహా గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఐదుగురికి ఇద్దరు పట్టాలని మీరే రాశారు. రాత్రి ఒక్కరే ఉంటే వాళ్లని పక్కకి తిప్పడం ఆగిపోతుంది, పుండ్లు పడతాయి. ఒంటరిగా లేపబోతే మనిషి జారతాడు, లేపేవాళ్ల నడుము పడిపోతుంది. ఒకరికి ఫిట్స్ వచ్చి ఆ ఒక్క కేర్‌గివర్ అక్కడుంటే మిగతా 15 మందికి ఎవరూ లేనట్టు. 'రాత్రి పడుకునేదే కదా, సగం జీతం చాలు' అనే మాటకి బ్రిటన్‌లో 2021 మెన్‌క్యాప్ తీర్పు ఉదాహరణ చెప్తారు. అక్కడ మేలుకుని ఉన్న గంటలకే కనీస వేతనం అన్నారు, నిజమే. అది వాళ్ల చట్టం. ఇక్కడ మీ రిజిస్టర్లో డ్యూటీ అని రాసి ఉంటే డ్యూటీయే.

మనుషులు మానేయడం ఖర్చు కూడా వేసుకోండి. కొత్తవాళ్లని రెండు వారాలు పాతవాళ్ల పక్కన నిలబెట్టి నేర్పాలి. ఎవరికి ఎలా తినిపించాలి, ఎవరి కుడిచెయ్యి లాగకూడదు, ఎవరు మూలిగితే ఏమిటి, ఇవి పుస్తకంలో ఉండవు. 12 షిఫ్టులు, షిఫ్టుకి 656 రూపాయలు, ఒక్కో మార్పుకి 7,900 దాకా. సరిగ్గా కనీస వేతనమే ఇస్తే అచ్యుతాపురం బస్సు ఎక్కి ఫ్యాక్టరీకి పోతారు, అక్కడ మలమూత్రాలు ఎత్తే పని లేదు. కనీసం మీద నెలకి 500 వేసినా పూర్తి ఖర్చు 650. ఏడాదికి ఒక్కరిని ఆపగలిగితే ఆ మనిషి మీద పెట్టింది తిరిగొచ్చినట్టే.

ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విద్యార్థులు ఫీల్డ్‌వర్క్‌కి వస్తే ఆనందంగా తీసుకోండి, ఆటలకి, బయట తిప్పడానికి. షిఫ్టు లెక్కలో మాత్రం వేయకండి. పరీక్షలొస్తే రారు.

సముద్రం_అవతల:

మెన్‌క్యాప్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న చేర్పు. ఆస్ట్రేలియాలో ఎన్‌డీఐఎస్ అనే జాతీయ పథకం సంరక్షణ గంటకి గరిష్ఠ ధర కడుతుంది. ఆ ధర కట్టే నమూనాలో కేర్‌గివర్ మూల వేతనం, సెలవులు, పదవీ విరమణ నిధి, పర్యవేక్షణ, నేరుగా సేవలో గడపని గంటలు, ఆఫీసు ఖర్చు వరసగా ఉంటాయి. అక్కడి వేతన కమిషన్ ఏటా జూలై 1 నుంచి కనీస వేతనాలు పెంచుతుంది (2025లో 3.5 శాతం), ఎన్‌డీఐఎస్ ధరల సవరణ కూడా అదే తేదీకి వస్తుంది. అయినా అది చాలట్లేదని అక్కడి సంస్థలు గోల పెడుతూనే ఉంటాయి, అది వేరే సంగతి. మనకి అంత డబ్బిచ్చే పథకం లేదు. కానీ తేదీకి తేదీ ముడిపెట్టే పద్ధతి ఫీజు ఒప్పందంలో, సీఎస్ఆర్ ఒప్పందంలో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మధురవాడ_హోమ్:

అందరికీ ధన్యవాదాలండీ. ఏజెన్సీ ఆలోచన వదిలేశాం. మూడు షిఫ్టులకి ఒకేసారి నలుగురిని కొత్తగా తీసుకునే డబ్బు లేదు. ఏ వరసలో వెళ్లమంటారు? ఫీజు ఒప్పందంలో వాక్యం ఎలా రాయాలి?

గాజువాక_లెడ్జర్:

ముందు సాయంత్రం షిఫ్టు. ఇద్దరు కొత్తవాళ్లని తీసుకుంటే ఎనిమిది మంది. వారానికి అవసరం 56 షిఫ్టులు, మీకు ఓవర్‌టైమ్ లేకుండా 48 దొరుకుతాయి. మిగిలే ఎనిమిది షిఫ్టులకి రెట్టింపు ఇవ్వండి, పే స్లిప్‌లో వేరే లైనుగా చూపించండి. షిఫ్టుకి ఎనిమిది గంటలు, గంటకి 125, అంటే వెయ్యి. నెలకి 35,000 దాకా అవుతుంది. సెలవులు పడిన వారం ఇంకాస్త పెరుగుతుంది. ఆ డబ్బుతోనే ఇద్దరికి పూర్తి ఖర్చు 31,476 వెళ్తుందని కమిటీకి రెండు నెలల్లో అర్థమవుతుంది, అప్పుడు మిగతా ఇద్దరి పోస్టులు వాళ్లే అడుగుతారు. చేతికి వచ్చేది తగ్గిందని పాతవాళ్లు అడుగుతారు కూడా. పీఎఫ్ 1,560, ఈఎస్ఐ 98 పోయి 11,342 వస్తుంది. ఈఎస్ఐ కార్డు ఇచ్చి, మల్కాపురం ఆసుపత్రిలో కుటుంబానికి ఏమేం వస్తుందో ముందే చెప్పి కోత మొదలుపెట్టండి.

పాత ఓవర్‌టైమ్ బకాయిని దాచకండి. ఎవరికి ఎంత అన్నది గంటల పట్టీ నుంచి తీసి, వాయిదాలు రాసుకుని, బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఫీజు వాక్యానికి ముందు మీ మొత్తం ఖర్చులో జీతాల వాటా ఎంతో ఆడిటెడ్ లెక్క నుంచి తీయండి. 65 శాతం అనుకుంటే, కనీస వేతనం 4 శాతం పెరిగిన విడతలో ఫీజు 2.6 శాతం పెరగాలి. నెలకి 12,000 కట్టేవారికి 312 రూపాయలు. వాక్యం ఇలా రాయొచ్చు: 'ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీల్లో రాష్ట్ర కనీస వేతనంలో వచ్చిన మార్పు శాతాన్ని, గత ఆడిటెడ్ సంవత్సరపు జీతాల వాటాతో గుణించగా వచ్చిన శాతం మేరకు నెలసరి రుసుము ఆ తేదీ నుంచే మారును. ఉత్తర్వు ఆలస్యంగా వెలువడినచో తేడా మొత్తమును మూడు సమాన వాయిదాల్లో చెల్లించవలెను.' ఆ రెండో వాక్యం వదిలేయకండి. ఉత్తర్వు ఆలస్యంగా వచ్చినా పాత తేదీ నుంచి వర్తిస్తే, కేర్‌గివర్లకి మీరు అరియర్స్ ఇవ్వాలి, వసూలు మాత్రం ఆ నెల నుంచే అవుతుంది.